చక్రాల మీద మధ్యాహ్నం

ఆ వేధశాలలో ముప్పై ఒక్క ఏళ్లు నీడ కొలిచింది ఒక తూనికల ఇన్‌స్పెక్టరు భార్య. పేరు డైరెక్టరుది. ఇందులో వాదించాల్సిందేమీ లేదు. గేటు పక్కన పాలరాతి పలక మీద చెక్కి కూడా ఉంది: 'ముప్పై ఒక్క ఏళ్లపాటు ఒక్క మధ్యాహ్నమైనా తప్పకుండా నీడ కొలిచిన మహనీయుడు.' ఆ మహనీయుడికి పదకొండున్నరకే భోంచేసి రెండు గంటలు పడుకునే అలవాటుండేది. మేలుకుని ఉన్న సమయంలో సంతకాలు చేసేవాడు.

ఆమె పోయి పద్నాలుగు నెలలైంది. వేధశాలను పర్యాటక కేంద్రంగా మార్చి ఏడాదైంది. ఆ ఇన్‌స్పెక్టరు ఇప్పుడు టికెట్టు కొనుక్కుని, మరదలిని వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చిన పని ఒక్కటే. ఆ పలక మీద భార్య పేరు చెక్కించాలి.

ఆయన రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ తన కళ్లముందు తూచని రాయి మీద ముద్ర వేసి ఎరుగడు. బజారులో ఆయన ముందు నమస్కారం పెట్టి, వెనక 'తూకంరాయి' అనేవారు. రెండూ న్యాయమేనని ఆయన అభిప్రాయం.

"బావా, కాస్త మొహం విప్పు. గొడవకొచ్చినవాడిలా కాకుండా చూడ్డానికొచ్చినవాడిలా ఉండు," అంది మరదలు.

"గొడవకే వచ్చాను."

నిబంధనల బోర్డు గేటు లోపలే ఉంది. మొదటి నిబంధన: 'సందర్శకులు పైకి చూడరాదు.' వేధశాలలో ఇదేం నిబంధన అని తొందరపడి నవ్వకండి. నిరుడు ఒక పెద్దమనిషి ఆకాశం చూసుకుంటూ నడిచి మెట్ల మీది నుంచి జారిపడ్డాడు. విచారణ సంఘం వేశారు. ప్రమాదానికి మూలకారణం ఆకాశమేనని సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. మెట్లకు కమ్మీ వేయించడం కంటే ఆకాశాన్ని నిషేధించడం సులువని సిఫార్సు కూడా చేసింది. అప్పటి నుంచి ఒక్క ప్రమాదం లేదు.

ఆకాశం లేని లోటు రాకుండా లోపల తగిన ఏర్పాట్లు చేశారు. పెద్ద దూరదర్శిని ముందు కొసన, గొట్టం లోపల, చంద్రుడి ఫోటో అంటించారు. పగలైనా, మబ్బు పట్టినా, అమావాస్య అయినా నిండు చంద్రుడే కనిపిస్తాడు. వెనకటి రోజుల్లో ఏదీ సరిగ్గా కనబడలేదని సందర్శకులు తిట్టిపోసేవారట. ఇప్పుడు ఫిర్యాదుల పెట్టె ఖాళీ. ముందు వరసలో ఒకాయన కన్ను ఆనించి చూసి, "అసలు వాడికంటే వీడే నయం," అన్నాడు. నలుగురూ అవునన్నారు.

పక్క గదిలో డైరెక్టరుగారి మైనపు బొమ్మ పుస్తకం ముందు కూర్చుని ఉంది. చేతిలో పెన్ను, నుదుటి మీద ముడత. జీవం ఉట్టిపడుతోందన్నారు అందరూ. మేలుకుని ఉందన్న ఒక్క లోపం తప్ప పోలిక బాగానే కుదిరింది. పుస్తకం మాత్రం అసలుదే, అద్దం కింద పెట్టారు. ఒక పేజీ తెరిచి ఉంది. తేదీ, వేళ, నీడ పొడవు, వరసగా ముప్పై రోజులవి.

"డైరెక్టరుగారు స్వహస్తాలతో రాసిన పేజీ," అన్నాడు గైడు.

మరదలు అద్దం మీదికి వంగింది. "ఇది మా అక్క రాత. ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత ఇంకెవరు పెడతారయ్యా? మా ఇంట్లో సరుకుల చీటీల నిండా ఇవే ఏడులు."

గైడు చిరాకుపడలేదు. శిక్షణ పొందినవాడు. "అమ్మా, పుస్తకం ఆఫీసుది, పెన్ను ఆఫీసుది, సిరా ఆఫీసుది. చెయ్యొక్కటీ మీ అక్కగారిదనుకున్నా నాలుగింట మూడొంతులు డైరెక్టరుగారిదే కదమ్మా."

"అయ్యో, ఆ చెయ్యి కూడా ఆఫీసులో అప్పజెప్పి ఇంటికి రావాల్సింది పాపం."

"అద్దం ముట్టుకోకండమ్మా."

పన్నెండుకు పది నిమిషాలుందనగా అందరినీ నడిమి ఆవరణలోకి తోలుకెళ్లారు. ఈ వేధశాల పేరు నిలబెట్టిన వింత అక్కడే ఉంది. ఆవరణలో ఒక రాతి స్తంభం. దాని పాదం నుంచి ఉత్తరంగా నేలలో పొదిగిన ఇత్తడి గీత. సూర్యుడు నడినెత్తికి వచ్చిన క్షణాన స్తంభం నీడ సరిగ్గా ఆ గీత మీద పడుకుంటుంది. అప్పుడు నీడ పొడవు కొలవాలి. రెండువందల ఏళ్లుగా పని అదే.

పర్యాటక కేంద్రం ప్రారంభోత్సవం నాడు ఒక చిక్కు బయటపడింది. ముఖ్య అతిథి వాచీ పన్నెండు చూపించింది. నీడ గీత మీదికి రాలేదు. గడియారం దేశమంతటికీ ఒకటేననీ, సూర్యుడు మాత్రం ఊరూరికీ వేరే వేళకి నడినెత్తికి వస్తాడనీ, ఇక్కడికి ఇంకో పావుగంట పడుతుందనీ ఒక గుమాస్తా చెప్పబోయాడు. ఆయన్ని బదిలీ చేశారు. ముఖ్య అతిథి మైకు అందుకున్నారు. "సోదర సోదరీమణులారా! క్రమశిక్షణకు ప్రకృతి కూడా అతీతం కాదు. దేశమంతా పన్నెండంటుంటే ఈ ఒక్క రాయి మాత్రం కాదంటే సహించేది లేదు!" చప్పట్లు మారుమోగాయి.

మర్నాడే ఇత్తడి గీతను పెకలించారు. వాచీ పన్నెండైనప్పుడు నీడ ఎక్కడుందో అక్కడ పాతారు. రెండు నెలలకు నీడ మళ్లీ తప్పింది. సూర్యుడి పోకడ నెలనెలా మారుతుందని చెప్పడానికి ఈసారి గుమాస్తాలెవరూ ముందుకు రాలేదు. ఇంజినీర్లు ఆలోచించి గీతకు చక్రాలు బిగించారు. స్తంభం పాదం దగ్గర ఇరుసు పెట్టి, గేటులా తిరిగేటట్టు చేశారు. తోయడానికి ఒక మనిషిని వేశారు. ఉద్యోగం పేరు గీత సహాయకుడు. గంట పన్నెండు కొట్టగానే అతను గీతను తోసుకొచ్చి నీడ కింద పెడతాడు. ఎన్నడూ తప్పు చూపని నీడ గడియారం ప్రపంచంలో ఇదొక్కటేనని కరపత్రంలో రాసుకున్నారు. అబద్ధమని ఎవరూ అనలేరు.

గంట కొట్టింది. గీత వచ్చింది. జనం చప్పట్లు కొట్టి, ఫోటోలు తీసుకుని, కాంటీన్ వైపు పరిగెత్తారు.

ఇన్‌స్పెక్టరు కదల్లేదు.

"అసలు గీత ఏదయ్యా?"

గీత సహాయకుడు మంచివాడు. నేల మీద సిమెంటు పూసిన చార చూపించాడు. "ఇదిగో సార్, ఇక్కడుండేది. పావుగంట ఆగితే నీడ దీని మీదికొస్తుంది. ఎవరూ ఆగరు. పూరీలు అయిపోతాయి."

బావా మరదళ్లిద్దరూ ఎండలో నిలబడ్డారు. పెళ్లైన కొత్తలో భార్య, "ఒక్కసారొచ్చి చూడండి," అనేది. "నీడ చూడ్డానికి సెలవు పెట్టాలా?" అనేవాడు ఆయన. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. అడగడం లేదంటే అక్కర్లేదనే ఆయన లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క ఎవరూ తనిఖీ చేయలేదు.

నీడ సిమెంటు చార మీదికి వచ్చింది. ఎవరూ తోయలేదు. అంచుకి అంచు కలిసి, మరుక్షణం జరిగిపోయింది. మరదలు కొంగుతో కళ్లు తుడుచుకుని, ఎండ అంది.

సంరక్షణాధికారి గదిలో ఫ్యాను ఉంది. కుర్చీ వేశాడు, మంచినీళ్లు తెప్పించాడు, ఫిర్యాదు చివరిదాకా విన్నాడు. "మీలాంటివారి కోసమే ఒక ఫారం పెట్టాం," అంటూ సొరుగులోంచి తీశాడు. "ఆమె నీడ కొలుస్తుండగా కళ్లారా చూసినవారు ఒకరు సంతకం పెట్టాలి. అంతే."

"డైరెక్టరుకి ఎవరు పెట్టారు?"

"ఆయనకి ఆయనే పెట్టుకున్నారండీ. డైరెక్టరు కదా."

"మీ సిబ్బంది చూడలేదా?"

"పన్నెండింటికి అందరం భోజనాల దగ్గరుండేవాళ్లం. ఆవిడొక్కరే ఉండేవారు." ఆ మాటలో తను ఒప్పుకున్నదేమిటో సంరక్షణాధికారికి తట్టలేదు. "దగ్గరివాళ్లయినా పరవాలేదు. భర్త అయితే మరీ మంచిది. సంతకం పెట్టండి, రేపే చెక్కేవాణ్ణి పిలిపిస్తాను."

మరదలు పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఫారం రెండుసార్లు చదివాడు. పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"నేను చూడలేదు."

"ఎవరడిగారు బావా! అక్క కొలిచిందా లేదా?"

"కొలిచింది."

"మరి పెట్టు."

"నీడని ఇవాళ చూశాను. మీ అక్క కొలుస్తుంటే చూడలేదు. చూడనిదానికి ముద్ర వెయ్యను."

మరదలు గొంతు పెంచలేదు. "ఆ డైరెక్టరు చూడకుండా సంతకాలు పెట్టి గొప్పవాడయ్యాడు. నువ్వు చూడకుండా పెట్టనని గొప్పవాడివవుతున్నావు. మీ ఇద్దరి గొప్పల మధ్యా మా అక్క ఎటూ కాకుండా పోయింది."

లేచి బయటికి వెళ్లిపోయింది. సంరక్షణాధికారి మాత్రం తెగ సంతోషించాడు. ఇంత నిజాయితీ ఈ రోజుల్లో అరుదని చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆయన అన్న మాటను కాగితం మీద రాయించి, చదివి వినిపించి, 'చూడలేదు' అన్న దాని కింద సంతకం అడిగాడు. అది నిజమే కాబట్టి ఆయన పెట్టాడు.

నెల తిరిగేసరికి పలక మీద డైరెక్టరు పేరు కింద కొత్తగా ఒక వాక్యం చెక్కారు: 'ఈ విషయమై వచ్చిన అభ్యంతరం, భర్తగారి వాంగ్మూలం ఆధారంగా కొట్టివేయడమైనది.' మొత్తానికి ఆ ఇంటివాళ్లలో ఒకరికి పలక మీద చోటు దొరికింది.

పలక సంగతేమైందని బజారులో అడిగేవాళ్లుండేవారు. ఆయన ఆగి, "మీ ఆవిడ చేసే పని ఎప్పుడైనా దగ్గరుండి చూశావా?" అని అడిగేవాడు. పదకొండుమందిని అడిగాడు. పదకొండుమందీ వాచీ చూసుకుని, పనుందంటూ వెళ్లిపోయారు. పన్నెండోవాణ్ణి అడగదల్చుకోలేదు. తనను అడిగినా జవాబు చెప్పదల్చుకోలేదు. ఈ విషయం ఇక ఆయన నోట రాదు.