తపేలా ఎవరిది, గుంట ఎవరిది

ఆదివారం నాటి ఏర్పాటు చాలా చిన్నది. చీకటితోనే కారులో బయల్దేరి, ఫుర్నాస్ సరస్సు గట్టున సెగలు కక్కే నేలలో వంట తపేలా పూడ్చిపెట్టి, అది ఉడికేలోగా కొండల మీద ఒక చుట్టు చుట్టి, మధ్యాహ్నం వచ్చి తవ్వుకుని తినడం. కాబోయే వియ్యపురాలు ఎర్మీనియా తెర్సైరా దీవి నుంచి పనిగట్టుకుని వచ్చింది. ఆవిడకి అంతా నచ్చితే తన కూతురు ఇనేష్ పెళ్ళి ఖాయమవుతుందని ఫిలొమెనా ఆశ. నచ్చకపోతే ఏమేం జరుగుతాయో కూడా ఆమె రాత్రంతా ఆలోచించి పెట్టుకుంది.

వంటకి వచ్చే మిగతా కుటుంబాలు ఇంకా రాకముందే వాళ్ళ తపేలా గుంటలోకి దిగింది. మాంసం, కోడి, సాసేజీలు, చేమదుంపలు, క్యాబేజీ. అక్కడి గుంటలు చూసుకునే పనివాడు మట్టి కప్పి, వాళ్ళ పేరు రాసిన చెక్క గుచ్చి, కాఫీకి వెళ్ళాడు.

"ఏవండీ, ఎవరైనా ఎత్తుకుపోతే?"

"అగ్నిపర్వతం నోట్లో చెయ్యి పెట్టి ఎవడు లాక్కుంటాడే? ఎక్కు కారు," అన్నాడు భర్త గ్వల్తేర్.

అతను కారు తిప్పుతుండగా ఫిలొమెనా ఆ చెక్క పీకి, పక్కనున్న ఖాళీ గుంట మీదికి మట్టి లాగి, అక్కడ గుచ్చేసింది. దొంగకి ఆవిరే దక్కాలి. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

కొండల మీద ఆమెకి ఒక్క లోయ కూడా కంటికానలేదు. "మబ్బు దిగుతోంది, వానొస్తే మట్టి కొట్టుకుపోదూ? పదండి, పదండి!" అని నసపెట్టి అందరినీ వెనక్కి తెచ్చింది. ఆమె కారు దిగి నడుం సర్దుకునేలోగా గ్వల్తేర్ పార పట్టుకుని చెక్క దగ్గరికి చేరిపోయాడు.

"గుంట ఖాళీ! దొంగలు! తపేలా ఎత్తుకుపోయారు!"

ఆ కేకకి గట్టంతా లేచింది. "మనది ఉందో లేదో చూడండ్రా!" అంటూ ఒకరిని చూసి ఒకరు తవ్వి, మూతలు తీసేశారు. అన్నీ ఉన్నాయి. అన్నీ పచ్చిగానే ఉన్నాయి.

"ఇంకా సగం కూడా ఉడకలేదు కదయ్యా!" అని పనివాడు నెత్తి కొట్టుకున్నాడు.

ఎర్మీనియా చేతిసంచిని గుండెలకి హత్తుకుంది. "మా ఊళ్ళో తలుపులు తీసి పడుకుంటాం వదినగారూ. పూడ్చిన తపేలాకే దిక్కులేని చోటికి నా కొడుకుని అల్లుడిగా పంపనా?"

నిజం చెబితే ఈ జనం తనని సరస్సులో ముంచుతారు. చెప్పకపోతే సంబంధం మునుగుతుంది. ఫిలొమెనా కళ్ళు మూసుకుంది.

"దొంగలు లేరు వదినగారూ. చెక్క నేనే మార్చాను."

"ఎందుకమ్మా?" అని కేక పెట్టింది ఇనేష్.

"దొంగలుంటారేమోనని."

పచ్చి క్యాబేజీ చేతపట్టుకున్న ఒక ముసలాయన నిదానంగా నడిచొచ్చి, "మీ తపేలా ఏ గుంటలో ఉందమ్మా?" అని మర్యాదగా అడిగాడు.

తీశారు. అందరికంటే ముందు పెట్టింది కదా, గట్టు మొత్తానికి ఉడికింది అదొక్కటే. ముక్క వేలు తగిలితే విడిపోతోంది. వద్దనే మొహం ఆ ఇంట్లో ఎవరికుంది? పళ్ళాలు వరస కట్టాయి. వియ్యపురాలి దాకా వచ్చేసరికి ఒక చేమదుంప మిగిలింది.

ఎర్మీనియా దాన్ని నమిలి మింగి, ఫిలొమెనాని పక్కకి లాగింది. "తలుపులు తీసి పడుకునేది ఊరివాళ్ళు వదినా. నేను గడియ పెట్టి, దానికి కుర్చీ కూడా ఆనిస్తాను. ఇంట్లో అందరూ నవ్వుతారు. మీ ఇంటి పిల్లయితే నవ్వదు. సెప్టెంబరులో చేసేద్దాం."

అలా పెళ్ళి ఖాయమైంది. ఖాయం కానిది భోజనం ఒక్కటే.