ఎర్ర కూపేకి వీడ్కోలు

ఆ శనివారం కురమోచి వేసుకున్న పథకం చాలా చిన్నది. యాభై ఏళ్ళనాటి తన ఎర్ర కూపే కారును పదింటికల్లా, రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో తేల్చే సర్కారు తనిఖీకి చేర్చాలి, అంతే. గడువు ఆ రోజుతో సరి. "ఈసారి తప్పిందో, పాత ఇనుము వాడికిచ్చేస్తా," అని తేల్చి చెప్పి మరీ భార్య సవాకో తన అక్కగారింటికి వెళ్ళింది. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. అందుకే ఆయనకు తెల్లారినప్పటి నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు.

ఆదివారాలు పొద్దున్నే ఆయన షికారుకు తీసే ఆ బండి కదిలిందంటే వీధి అదిరిపోతుంది. మోత మొదలెట్టే ముందే క్షమాపణ చెప్పుకోవడం మర్యాద అనుకుని, బియ్యపు అప్పాల పెట్టెలు కాగితంలో చుట్టి, ఎదురిళ్ళు మూడింటికీ పక్కిళ్ళు రెండింటికీ బయలుదేరాడు. "ఇన్నేళ్ళూ మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాను, క్షమించండి," అని ప్రతి గుమ్మంలోనూ నడుం వంచాడు. అక్కడి ఆచారంలో, అలా చుట్టిన పెట్టెలతో ఆ అయిదిళ్ళకూ తిరిగేది వీధిలోకి కొత్తగా దిగినవాళ్ళు, లేదా వీధి వదిలి పోయేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉంటున్న కురమోచికి కంగారులో ఆ సంగతే తట్టలేదు.

తొమ్మిదింటికి కారు తలుపు తీశాడో లేదో, పక్కింటి ముసలావిడ హతనక పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళిపోతున్నారా నాయనా! ఈ బండి కూడానా?"

"అవునండీ, బండితోనే. పదింటికల్లా అక్కడుండాలి."

ఆవిడ భోరుమంది. ఆ ఏడుపుకి వీధంతా బయటికొచ్చింది. వెనక సీటు నిండా ఊరగాయ జాడీలూ తువ్వాళ్ళూ చేరాయి. వీధి సంఘం పెద్ద ఉసుయి అందరినీ బండికి అడ్డంగా నిలబెట్టి ఫొటో తీసి, ఉపన్యాసం అందుకున్నాడు. "మన కురమోచి గారు ఎక్కడున్నా..."

కురమోచికి అప్పుడు బోధపడింది. నేనెక్కడికీ పోవడం లేదందామని నోరు తెరిచాడు. కానీ నిజం చెబితే ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకునేసరికే పదకొండవుతుంది. అప్పటికే తొమ్మిదిన్నర. "మీ మేలు మరువలేను!" అని అరిచి తాళం తిప్పాడు. మలుపు తిరిగేదాకా వాళ్ళంతా వంగే ఉన్నారు. అద్దంలో అది చూసి ఆయనకు కళ్ళు చెమర్చాయి. నన్ను ఇంత ప్రేమించారా అనుకున్నాడు.

పదికి రెండు నిమిషాల ముందు బండి చేరింది. తనిఖీలో నెగ్గింది. ముందు అద్దం మీద ఇంకో రెండేళ్ళు చెల్లే కొత్త చీటీ అతికించుకుని, కానుకలు తిరిగిచ్చి తప్పు ఒప్పుకుందామని వెనక్కి వచ్చాడు.

వీధి మధ్యన చాపలు పరిచి ఉన్నాయి. బీరు సీసాలు తెరిచి ఉన్నాయి. హతనక చప్పట్లు కొడుతూ చిందులేస్తోంది. "ఇక ఆదివారాలు కంటినిండా నిద్రండోయ్!" అని ఉసుయి గ్లాసు పైకెత్తాడు.

కూపే గర్జించింది. చప్పట్లు ఆగిపోయాయి. ఉసుయి ఆ చీటీ వైపు చూశాడు, ముఖంలో రంగు పోయింది.

"ఏమైనా... మరిచిపోయారాండీ?"

"అవునండీ," అన్నాడు కురమోచి, ఇంజను ఆపకుండానే. "ఇల్లు."