రత్నం పోనాది

శనివారం పొద్దున్న గరివిడిలో థామస్ పెట్టుకున్న పని ఒక్కటే, పెళ్లాం జీవరత్నం సిలువను కుంకుడు రసంతో తోమి మెరిపించడం. మర్నాడు మనవరాలు దీవెనకు బాప్తిస్మం. నీళ్లలోంచి లేచిన పిల్ల మెడలో జీవరత్నం తన చేత్తో ఆ సిలువ వేయాలి.

ఇంకో నగ ఎరగని మనిషి జీవరత్నం. బంగారం సోకు, నడుమనున్న కెంపు సాక్ష్యం అనేది. అది రక్షకుడి రక్తబిందువు. ‘రాయి’ అంటే ఊరుకోదు, ‘రత్నం’ అనాలి. పొదిగిననాడు చీపురుపల్లి నగల షావుకారు నగరేశ్వరరావు, మాణిక్యం సూర్యుడి రాయనీ, నవరత్నాల ఉంగరంలో నడుమ కూర్చునే రాజనీ చెప్పాడు. మా నీతిసూర్యుడు యేసు సిలువ నడుమే ఉన్నాడు, అక్కడే కూర్చోబెట్టమంది జీవరత్నం.

ఆవిడ బజారుకెళ్లాక థామస్ డబ్బా తెరిచాడు. సిలువ ఉంది, నడుమ గుంట ఉంది. ఇల్లంతా గాలించాడు. కళ్లు కెంపులయ్యాయి గాని కెంపు కళ్లబడలేదు. ఆ ఏడుపు గొంతుతోనే షావుకారుకు ఫోన్ చేశాడు.

"రత్నం పోనాది, షావుకారు గారూ."

"ఎప్పుడు బాబూ?"

"తెల్లారి సూస్తే లేదు. ఇంకోటి సూడండి. రేపు పొద్దున్నకి చర్చిలో ఉండాల."

"రేపటికే?"

"సిన్నదైనా ఫరవాలేదు. ఎర్రగా ఉంటే సాలు."

షావుకారు కొట్టు మూసేశాడు. భార్య శవం లేవకముందే ఎర్రటి చిన్నదాన్ని అడుగుతున్నాడు, దుఃఖంతో మతి చెడిందని పాస్టర్ జేమ్స్‌కు కబురు చెప్పి, పూలదండ కొని బయల్దేరాడు. జేమ్స్ చర్చి గంట కొట్టించి, సమాధుల దొడ్డిలో గొయ్యికి పురమాయించి, సంఘపెద్దలతో వచ్చాడు. ఒక్క కెంపు కోసం ఇంతమందా అని థామస్ కదిలిపోయాడు.

"రత్నం ప్రభువు దగ్గరికెళ్లిపోనాది. ఇంకోటి మాట కొన్నాళ్లు ఆగు," అన్నాడు జేమ్స్.

"ఆగితే ఇంట్లో తెలిసిపోతాదండి."

అప్పుడే వంకాయల సంచితో జీవరత్నం గుమ్మం ఎక్కింది. ఎవరు పోయారని అడిగింది. చేతిలో దండ ఎక్కడ దాచాలో తెలియక షావుకారే, ఫోన్లో విన్న చిన్నదాన్నీ ఎరుపునీ పూసగుచ్చినట్టు చెప్పేశాడు.

థామస్ బోసి సిలువను చాచాడు. "రత్నం, ఈ రత్నం పోనాది. నీకు తెలవకుండా ఇంకోటి పెడదామనుకున్నాను."

జీవరత్నం కొంగుముడి విప్పింది. అరచేతిలో కెంపు వెలిగింది.

"పట్టు వదిలీసింది, ఊడిపోతాదని నేనే తీసినాను. రేపటికి అతుకుతాడేమో అడుగుదామని షావుకారి కొట్టుకెళ్తే, ఎవరో పోనారని మూసీసున్నాది." మొగుడి కళ్లలోకి చూసింది. "నా బదులు ఇంకోటంటే సరే. ఆయన రక్తం బదులు ఇంకోటి పెడతావేటి?"

థామస్ తల వంచి సిలువను ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆదివారం దీవెన తడి మెడలో, షావుకారు రాత్రికి రాత్రే పొదిగిన కెంపు చెక్కుచెదరకుండా కూర్చుంది. సమాధుల దొడ్డిలో గొయ్యి మాత్రం, పొదగవలసిన రత్నం కోసం ఇంకా కాచుకునే ఉంది.