రాసుకునే థర్మామీటరు

పట్టుపురుగుల గుడ్ల పెట్టె ఆ ఉదయమే విమానంలో దిగింది. భోజనాల వేళకల్లా దాన్ని అక్క షెడ్డుకి చేరుస్తానని తమ్ముడు మాటిచ్చాడు. కస్టమ్స్‌లో సరుకు విడిపించే ఏజెంటుగా అతనికి పదకొండేళ్ళ అనుభవం. ఏ పనైనా పది నిమిషాలే అంటాడు కాబట్టి ఆఫీసులో అతని పేరే ‘పది నిమిషాలు’ అయిపోయింది. అక్క మాత్రం ముందే హెచ్చరించింది. గుడ్లు నేడో రేపో పగిలి పురుగులొచ్చేలా ఉన్నాయి, చల్లగా, చీకట్లో ఉండాలి, ఈ పంట పోతే ఏడాదంతా షెడ్డు ఖాళీయేనని.

పన్ను తేల్చే అధికారిణి పెట్టె మూత తీసింది. గుడ్లు అంటించిన కాగితాల మీద అగ్గిపెట్టెంత తెల్లటి వస్తువొకటి ఉంది. ఇదేమిటని అడిగింది. చల్లదనం చూసుకోవడానికి పెట్టారు మేడమ్ అని ఊరుకుంటే సరిపోయేది. కానీ తెలిసింది చెప్పకపోతే ఏజెంటుకి అన్నం అరగదు.

“ఎలక్ట్రానిక్ టెంపరేచర్ రికార్డర్ మేడమ్. ఐదు నిమిషాలకోసారి ఎంత వేడుందో తనే రాసుకుంటుంది.”

“మరి ఫారంలో ఒట్టి గుడ్లనే రాశారే?”

గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. ఎలక్ట్రానిక్ వస్తువంటే వేరే పద్దు, వేరే పన్ను. ఆమె రెండు చేతులతో పన్నుల పుస్తకం ఎత్తి బల్ల మీద పెట్టింది. వేడి చూస్తుంది కనుక ఇది థర్మామీటరంది. టైము కూడా వేస్తోందిగా, గడియారమేనన్నాడు పక్క గుమాస్తా. వేల అంకెలు గుర్తుపెట్టుకునేది గడియారమెలా అవుతుంది, ఇది కంప్యూటరుకి తోబుట్టువని ఎదురు గుమాస్తా తేల్చాడు. అందరికీ కనిపించాలని పెట్టెను కిటికీ పక్క బల్ల మీదికి మార్చారు. అక్కడ ఎండ పుష్కలంగా పడుతోంది. ముగ్గురికీ సర్దిచెప్పబోయి నాలుగో వాదన మొదలెట్టిన ఏజెంటు, మూత సంగతే మరిచాడు.

అంతలో అటుగా పోతున్న పెద్దాఫీసరు చెవిన ‘రికార్డర్’ అన్న ఒక్క ముక్క పడింది. తాడు కాస్తా పామైంది. పొద్దున ఆ పెట్టె పక్కనే నిలబడి పైఅధికారిని తను ఎన్నెన్ని మాటలన్నాడో ఆయనకి వరసగా గుర్తొచ్చింది. పెట్టె దగ్గరికొచ్చి, పైఅధికారి వంటి మంచిమనిషి నూటికో కోటికో ఒకరుంటారని దానికేసి స్పష్టంగా చెప్పి వెళ్ళాడు.

పెట్టె మాటలు పట్టేస్తోందన్న వార్త గది గదికీ పాకింది. గంట తిరక్కుండా ఆఫీసంతా తేనె కారింది. ఏళ్ళ తరబడి మాటల్లేని ఇద్దరు గుమాస్తాలు ఒకరినొకరు ‘మీరు’ అనుకున్నారు. ఒంట్లో ఎలా ఉందని టీ తెచ్చే ఆయన్ని నలుగురు అడిగేసరికి, తనకేదో జబ్బుందని అందరికీ తెలిసిపోయిందనుకుని ఆయన సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. పెద్దాఫీసరు మళ్ళీ వచ్చి, ఈ ఉద్యోగమంటే తనకి ప్రాణమన్నాడు. సరిగ్గా అప్పుడే పరికరం కీచుమంది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి దానికి నమస్కారం పెట్టాడు.

చివరికి కంప్యూటర్లు బాగుచేసే మనిషిని పిలిపించి, అందులో ఉన్నదంతా అచ్చు తీయించారు. మాట లేదు, పలుకు లేదు, అన్నీ అంకెలే. అదే సమయంలో అధికారిణికి పుస్తకంలో కావలసిన వాక్యం దొరికింది. “థర్మామీటర్లు, రాసుకునేవైనా, రాసుకోనివైనా” అని పైకి చదివింది. పన్ను సున్నా. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు, ఏజెంటు తప్ప. అతని కళ్ళు కాగితం మీద చివరి అంకె దగ్గర ఆగిపోయాయి. ముప్పై డిగ్రీలు.

పెట్టెలోకి తొంగిచూశాడు. గుడ్ల మీద సన్నని నల్లటి నూగులా ఏదో కదులుతోంది. ఒకటా రెండా, ఇరవై వేల పిల్లపురుగులు.

చూసి చూసి అక్క బయల్దేరి రానే వచ్చింది. మూత ఎవరు తీశారని అడిగింది. ఆఫీసంతా ఏకమై తమ్ముణ్ణి చూపించింది. ఆమె పెట్టె మీదికి వంగి చాలాసేపు చూసింది. తమ్ముడు అంకెల కాగితాన్ని వెనక్కి దాచుకున్నాడు.

“ఒరేయ్, రేపు పొద్దున నేను చెయ్యాల్సిన పనే ఇది. చీకట్లోంచి ఒక్కసారిగా వెలుగులోకి తెస్తేనే అన్నీ కలిసి బయటికొస్తాయి. ఇంత సమంగా మా షెడ్డులో ఎప్పుడూ రాలేదురా.” తర్వాత అధికారిణి వైపు తిరిగింది. “ఈ కిటికీ ప్రతి పంటకీ ఇస్తారా మేడమ్? బండిలో లేత మల్బరీ ఆకుంది, ఇక్కడే ఓ మేత వేసేస్తాను.”

అధికారిణికి వేరే దిగులు పట్టుకుంది. ఫారంలో ఉన్నవి గుడ్లు, ఎదురుగా ఉన్నవి పురుగులు. ప్రాణమున్న జీవాలకి మళ్ళీ వేరే పద్దు. ఆమె మళ్ళీ పుస్తకం తెరిచింది. ఈలోగా ఆకలి మీదున్న పురుగులు పెట్టె అంచు దిగి, బారులు తీరి పుస్తకం కేసి వస్తున్నాయి.

ఆమె పుస్తకం మూసి, ఫారంలో ‘గుడ్లు’ అన్న మాట కొట్టేసి, కాసేపు ఆలోచించి, పక్కన ‘వచ్చినప్పుడు గుడ్లే’ అని రాసి సంతకం పెట్టింది.