ధర్మయ్య బోరులో సముద్రపు నత్త

తిరుమలగిరి మండలంలో సముద్రం ఎనిమిది వందల నలభై అడుగుల లోతున ఉన్నదని నిరుడు మే నెలలో అధికారికంగా తేలింది. అంతకుముందు అక్కడ రాయి మాత్రమే ఉండేది.

ఈ సంగతి కనిపెట్టిన ఘనత ధర్మయ్యది. ఆయనకు నలభై బత్తాయి చెట్లు, మూడు ఎండిపోయిన బోర్లు ఉన్నాయి. చెట్లు ఆకులు రాలుస్తుంటే చూడలేక నాలుగో బోరు వేయించాడు. బోరుబండి పొద్దంతా దుమ్ము కక్కింది. ఎనిమిది వందల నలభై అడుగులు దింపినా నీటిచుక్క రాలేదు. తీరా బండివాళ్లు సామాను సర్దుకుంటుంటే, ఆ బూడిదరంగు పొడిలో చిటికెన వేలి గోరంత గవ్వ ఒకటి మెరిసింది. ఊరు ఊరంతా కదిలి వచ్చింది.

ధర్మయ్య భార్య అండాలు మాత్రం ఖాళీ మెడ తడుముకుంది. పొద్దున బండివాళ్లకు చాయ్ పోయడానికి వంగినప్పుడు ఆమె మెడలో దండ తెగింది. మహిళా సంఘం వాళ్లతో సూర్యలంక సముద్రం చూడడానికి పోయినప్పుడు ఇసుకలో కూర్చుని బేరమాడి కొన్న గవ్వల దండ అది. పదిహేనింటిలో పద్నాలుగే దొరికాయి. పదిహేనోది ఇప్పుడు సర్పంచ్ బాలకృష్ణ అరచేతిలో ఉంది, ఆయన దాన్ని కళ్లకద్దుకుంటున్నాడు.

ఆమె భర్తను పక్కకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ధర్మయ్య బత్తాయి చెట్ల దిక్కు చూశాడు.

"గా ముచ్చట నువ్వు చెప్పలే, నేను ఇనలే," అన్నాడు.

గవ్వ ఫోటో పట్నంలో ఒక శాస్త్రవేత్తకు పోయింది. ఆయన పాపం శ్రద్ధగలవాడు, కాగితానికి రెండు పక్కలా రాశాడు. ఇది ఎనిమిది వందల అడుగులకు పైబడిన లోతు నీళ్లలో బతికే అరుదైన నత్త గుల్ల అని మొదటి పక్క రాశాడు. రెండో పక్క ఏం రాశాడో ఎవరూ తిప్పి చూడలేదు. లోతు నీళ్లంటే మన దగ్గర బోరే కదా. అడుగులు కూడా సరిపోయాయి. ఇంకేం కావాలి?

పొలంలోనే సభ పెట్టారు. "సముద్రం లేదని ఇన్నేండ్లు మనల్ని చిన్నచూపు చూసిన్రు," అన్నాడు బాలకృష్ణ మైకులో. "లేక కాదు. అది పైకి కనవడలే, గంతే." చప్పట్లు మోగాయి. సముద్రం ఉన్నందుకు రేవు కూడా కావాలని అక్కడికక్కడే తీర్మానం చేశారు.

నత్త సంరక్షణకు కృష్ణకాంత్ అనే అధికారిని నియమించారు. ఆయన బోరులోకి రాయి వేసి చెవి పెట్టి విన్నాడు. నీళ్లు లేవు. నీళ్లు లేని చోట లోతు నీటి నత్త ఎట్లా బతుకుతుందన్న ప్రశ్న ఆయనను కలవరపెట్టింది. వెంటనే బోరులో పోయడానికి రోజుకో ట్యాంకరు మంజూరైంది. తాగడానికి ట్యాంకరు కావాలని ఊరి ఆడవాళ్లు మూడు ఎండాకాలాలుగా పెట్టుకున్న అర్జీలు అదే ఆఫీసులో, అదే బీరువాలో భద్రంగా ఉన్నాయి.

రాతినేల కదా, బోరు రెండు రోజుల్లో నిండిపోయింది. భూగర్భ జలం రెండు రోజుల్లో ఎనిమిది వందల నలభై అడుగులు పెరిగిందని కృష్ణకాంత్ నివేదిక పంపాడు. ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది. మూడో రోజు నుంచి ట్యాంకరు నీళ్లు పొంగి పొర్లితే ఆడవాళ్లు బిందెలు నింపుకున్నారు. మిగిలింది ధర్మయ్య పారతో బత్తాయి పాదుల్లోకి మళ్లించాడు. నెల తిరిగేసరికి చెట్లు చిగురు వేశాయి. అండాలుకు ఆ చిగుర్లు చూస్తే సంతోషం, ట్యాంకరు చప్పుడు వింటే భయం. నిజం బయటపడిన రోజు రెండూ ఉండవని ఆమెకు తెలుసు.

ఆ రోజు రానే వచ్చింది. కృష్ణకాంత్ ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో శాస్త్రవేత్త కాగితం, రెండో పక్క పైకి ఉంది. సముద్రంలో వలలకు పడే ఈ గుల్లలను దండలు గుచ్చి అమ్ముతారని, బోరులో దొరకడం అసాధ్యమని అక్కడ రాసి ఉంది.

"అమ్మా, సూర్యలంకల నువ్వు గవ్వల దండ కొన్నవని సంఘం వాళ్లు చెప్పిన్రు. ఆ దండ ఏది?" అన్నాడు.

అండాలు లోపలికి పోయి పసుపు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన మూత తీసి, గవ్వలను వేలితో కదిపి, అటూ ఇటూ చూశాడు.

"ఒకటి నాకియ్యమ్మా. జడ్చర్లల మా గల్లీ బోరు సుత ఎండింది. ట్యాంకరు కోసం ఆర్నెల్ల సంది తిరుగుతున్న. నేను ఆఫీసర్నన్నా ఇంటలేరు. నత్త అంటె ఇంటరు."

అండాలు ఒకటి కాదు, రెండు ఇచ్చింది. జడ్చర్ల సముద్రం పోయిన నెలే బయటపడింది.

డబ్బాలో ఇంకా పన్నెండు ఉన్నాయి. కావలసినవారు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అందులో నత్త వయసు, లింగం, అలవాట్లు రాయడానికి గడులున్నాయి. మీ ఇంట్లో నీళ్లు తాగే మనుషులెందరో రాసే గడి మాత్రం లేదు, వెతకకండి.