జట్టునమ్ముకో!

ఆ ఆదివారం పొద్దున సంధి మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా బావమరిది దగ్గర బ్యానర్ తీసుకోవాలి. మూడింటికల్లా స్టేడియం చేరాలి. నాలుగింటికి ఆట మొదలవగానే దాన్ని ఓనర్ కళ్లెదుట విప్పాలి. ఆరున్నరకి ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు కాఫీ తాగాలి. ఇందులో తేడా రావడానికి సందు ఎక్కడుందో ఎంత ఆలోచించినా ఆయనకి కనబడలేదు.

మాస్టారి అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. హైస్కూల్లో ముప్ఫై ఏళ్లుగా తెలుగు చెబుతూ, ఏ రెండు మాటలు పక్కపక్కన కనబడినా కలపకుండా వదలని మనిషి కాబట్టి ఊరంతా సంధి మాస్టారనే అంటారు. బడి గోడ దాటితే ఆయనకున్న లోకం ఒక్కటే, ఊరి ఫుట్‌బాల్ జట్టు. ఆ జట్టు వరసగా తొమ్మిది ఆటలు ఓడింది. ఆ తొమ్మిదిట్లో చివరి ఆరింటిలో ఒక్క గోలూ వెయ్యలేదు. ఓడిన రోజు మాస్టారికి ముద్ద దిగదు. ఈ ఏడాది ఆయన చొక్కాలన్నీ వదులయ్యాయి.

దీనికంతటికీ కారణం ఓనరేనని ఆయన తీర్మానం. ఓనర్‌కి బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉంది, అందుకని ఊళ్లో బిస్కెట్లాయన అంటారు. చేతికి ఎముక లేని మనిషని పేరు. ఆస్పత్రికి మంచాలు, బళ్లకి బల్లలు, లైబ్రరీకి పుస్తకాలు అడగ్గానే ఇచ్చేస్తాడు. జట్టుకి గోల్స్ వేసే ఒక మంచి ఫార్వర్డ్‌ని కొనమంటే మాత్రం ఆ చేతికి ఎక్కడలేని ఎముకలూ మొలుచుకొస్తాయని మాస్టారి బాధ.

ఆ బాధ ఇంట్లో చెప్పుకోవడానికి వీల్లేదు. ఆయన భార్య ఆస్పత్రిలో పిల్లల వార్డుకి హెడ్ నర్సు.

"మళ్లీ మొదలెట్టారా?" అందావిడ, యూనిఫామ్‌కి పిన్ను పెట్టుకుంటూ. "వార్డులో ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలు పడుకుంటున్నారు. పై అంతస్తు కట్టిస్తానని ఆయన మాటిచ్చారు. ఇవాళ సాయంత్రం ఖాయం చేస్తానన్నారు. ఈ ఒక్కరోజూ ఆయన జోలికి పోకండి."

"నేనేమన్నాను? దానం చెయ్యనీ. జబ్బుపడ్డ పిల్లలకి మంచాలు కొనే మనిషి, జబ్బుపడ్డ జట్టుకి ఒక్క మాత్రయినా కొనొద్దా అంటున్నా."

"జట్టు ఆయనది, ఆయనిష్టం."

"జట్టు ఆయనదే. బెంగ మాత్రం నాది."

"బెంగకి మా దగ్గర మందుంది, వచ్చేటప్పుడు తెస్తాలెండి. ముందు ఇవాళ నోరు విప్పనని మాటివ్వండి."

"నోరు విప్పను," అన్నారు మాస్టారు చాలా నిజాయితీగా. విప్పబోయేది బ్యానర్ కదా, నోటితో పనేముంది?

బావమరిది బోర్డుల పెయింటర్. మనిషి బంగారం, చెయ్యి అంతకంటే బంగారం, కొలతల దగ్గర మాత్రం ఇత్తడి. మాస్టారు వెళ్లేసరికి కొట్టు ముందు గుడ్డ పరుచుకుని, దాని పక్కన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"బావా, చిన్న చిక్కొచ్చింది. 'జట్టు' దాకా రాశాను, బ్రహ్మాండంగా కుదిరింది. ఇంకా 'ను', 'అమ్ముకో' రాయాలా? నాలుగక్షరాలు. చూస్తే మూడింటికే చోటుంది."

"కొలుచుకోలేదా?"

"కొలిచాను. గుడ్డని కొలిచాను. మాటని కొలవలేదు. పోనీ చివరివి చిన్నగా రాసెయ్యనా?"

"చిన్నగా రాస్తే అవతలి స్టాండులో ఉన్న మనిషికి ఏం కనబడుతుందిరా!" అని తల పట్టుకున్న మాస్టారు, మరుక్షణమే ఆ తల వదిలేసి గుడ్డ పక్కన గొంతుక్కూర్చున్నారు. ఆయన మొహం వెలిగిపోతోంది. "ముప్ఫై ఏళ్లుగా పిల్లలు అడుగుతున్నారు, సంధులు దేనికి పనికొస్తాయి సార్ అని. ఇదిగో, దీనికి! జట్టును, అమ్ముకో. ఉకారం ఎగిరిపోయింది. జట్టునమ్ముకో! ఉత్వసంధి. ఒక అక్షరం మిగిలింది."

బావమరిది ఆ మాటని పెదాల మీదే రెండుసార్లు చదువుకున్నాడు. "చదువుతుంటే ఏదోలా ఉంది బావా."

"సంధి తెలియని వాళ్లకి అలాగే ఉంటుంది. రాయి."

బావమరిది రాశాడు. చివర ఆశ్చర్యార్థకం కూడా పెట్టాడు. దాని కింద చుక్క పెట్టాల్సిన చోట, పెళ్లి బోర్డులు రాసీ రాసీ చేతికి పట్టిన అలవాటు కొద్దీ, ముద్దుగా ఒక ఎర్ర గుండె బొమ్మ వేశాడు. మాస్టారు భోంచేసి వచ్చేసరికి రంగు ఆరి, గుడ్డ చుట్ట చుట్టేసి ఉండటంతో ఆయన అది చూడలేదు.

స్టేడియంలో అభిమానుల సంఘం అంతా అప్పటికే చేరింది. సంఘం కార్యదర్శి పళ్ల డాక్టరు. రోజంతా జనం నోళ్లు తెరిపించి, ఆదివారం తన నోరు తెరుస్తాడు. "ఆ దానాలన్నీ ఫొటోల కోసమండీ. పేపర్లో ఫొటో పడకుండా ఆయన చేసిన దానం ఒక్కటి చూపించండి. జట్టుని అమ్మేసి పోతే మనం సుఖపడతాం," అంటూ బ్యానర్‌కి ఒక కొస ఆయనే పట్టుకున్నాడు. విజిల్ మోగింది. నలభై చేతులు ఒక్కసారి లేచాయి. మాస్టారు గర్వంగా అవతలి స్టాండులోని ఓనర్ వైపు చూశారు.

ఓనర్ పక్క కుర్చీలో తెల్లటి యూనిఫామ్‌లో మాస్టారి భార్య కూర్చుని ఉంది.

సాయంత్రం ఖాయం చేయడమంటే ఆస్పత్రిలో కాదు, ఇక్కడన్నమాట. బ్యానర్ దించమని అరవబోయి, పొద్దున ఇచ్చిన మాట గుర్తొచ్చి, నోరు బిగించుకుని రెండు చేతులూ కిందికి ఊపారు. భార్యకి ఇచ్చిన మాటని ఆయన తప్పరు, దాని చుట్టూ తిరుగుతారంతే. "కిందికి కట్టమంటున్నారు, ఓనర్‌కి బాగా కనబడాలిట," అని వివరించాడు పళ్ల డాక్టరు. అందరూ కలిసి దాన్ని రెయిలింగ్‌కి బిగించి కట్టారు. మాస్టారు ముడి విప్పబోతే, ఇంకో ముడి వెయ్యమంటున్నారనుకుని బావమరిది ఇంకోటి వేశాడు.

బిస్కెట్లాయన కళ్లజోడు పెట్టుకుని లేచి నిలబడ్డాడు. చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. ఆయన పెదాలు కదలడం మైదానానికి ఇవతలి నుంచే తెలుస్తోంది. జట్టు. నమ్ముకో. తర్వాత చెయ్యి గుండె మీద వేసుకుని, రెండు చేతులూ ఎత్తి ఈ స్టాండుకి నమస్కారం పెట్టాడు.

మాస్టారికి అప్పుడు వెలిగింది. వేలమంది పిల్లల చేత మాటలు విడదీయించిన మనిషి, తను కలిపిన మాట ఇంకోలా విడిపోతుందేమోనని చూసుకోలేదు.

ఆలోచించుకునే వ్యవధి కూడా ఆయనకి దొరకలేదు. ఓనర్ దండం చూసి అవతలి స్టాండు "జట్టు నమ్ముకో!" అని అందుకుంది. తమ డిమాండు వాళ్లకీ నచ్చిందనుకుని ఇవతలి స్టాండు రెట్టింపు గొంతుతో "జట్టునమ్ముకో!" అంది. ఊరు పుట్టాక రెండు స్టాండులూ ఒకే మాట అనడం అదే మొదలు. మైదానంలో ఆటగాళ్లు బిత్తరపోయారు. రెండేళ్లుగా ఆ జనం నోట మంచిమాట ఎరగని గోల్‌కీపర్ గ్లవ్స్‌తో కళ్లు ఒత్తుకుని, ఆ వెంటనే వచ్చిన బంతిని జీవితంలో మొదటిసారి అన్నట్టు గట్టిగా వాటేసుకున్నాడు. ఒక గోల్ వెనకబడి ఉండగా, ఆట చివర్లో ముందుకెళ్లిన మనవాళ్ల డిఫెండర్ ఒకడు బూటు లేసు కట్టుకోవడానికి వంగితే, బంతి వచ్చి అతని వీపుకి తగిలి ఎదుటి జట్టు గోల్‌లో పడింది. ఆట ఒకటి ఒకటి సమానమైంది. మాస్టారు పళ్ల డాక్టరుని కావలించుకుని, ఇచ్చిన మాట, భార్య, వ్యాకరణం అన్నీ మరిచి, గొంతు చించుకుని అరిచారు.

ఆట ముగియగానే మైకులో బిస్కెట్లాయన గొంతు వినిపించింది. "ఆ మాట రాసినవారు దయచేసి కిందికి రావాలి."

"మా బావే! మా బావే రాయించింది!" అని బావమరిది ఆయన్ని ముందుకి తోశాడు.

మైదానం మధ్యలో బిస్కెట్లాయన మాస్టారి చేతులు పట్టుకున్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. "మీతో నిజం చెప్పాలి మాస్టారూ. ఇవాళ జట్టుని సబ్బుల కంపెనీ ఆయనకి అమ్మేద్దామని కాగితాలు జేబులో పెట్టుకొచ్చా. ఆయన జట్టుని తన ఊరు పట్టుకుపోతాడట. పోనీలే, ఇక్కడెవరికీ అక్కర్లేదు, ఆ డబ్బుతో వార్డుకి పై అంతస్తన్నా లేస్తుందనుకున్నా. ఇంతమంది నమ్ముకోమంటుంటే ఇంకెలా అమ్మను? అమ్మను గాక అమ్మను!"

"మరి పై అంతస్తండీ?" అంది హెడ్ నర్సు.

"కొన్నాళ్లు ఆగుదామమ్మా."

ఆవిడ మెల్లగా భర్త వైపు తిరిగింది. సంధి మాస్టారితో పాతికేళ్లు కాపురం చేసిన మనిషి. బ్యానర్ విప్పినప్పుడే ఆవిడ దాన్ని విడదీసేసింది.

"ఏవండీ, అది ఏం సంధి?"

మాస్టారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఫర్వాలేదు, నోరు విప్పండి," అంది. పాతికేళ్లలో ఆవిడ ఆయన్ని నోరు విప్పమనడం అదే మొదటిసారి.

నిజం చెబితే జట్టు ఊరొదిలి పోతుంది. ఊరుకుంటే ఇక్కడే ఉంటుంది, ఓడుతూనో గెలుస్తూనో కళ్లముందుంటుంది. జట్టు లేని ఆదివారం ఎలా ఉంటుందో ఆయన ఊహకి అందలేదు. కానీ ఎదురుగా భార్య నిలబడి ఉంది. ఆవిడ వెనక, కనబడకుండా, ఒకే దుప్పటి కోసం చెరో కొసా లాక్కుంటున్న పిల్లలు ఉన్నారు. పొద్దున బెంగ మాత్రం నాదన్నందుకు ఆయనకి సిగ్గేసింది. ఆవిడ బెంగ ఎంత పెద్దదో ఆయన ఎప్పుడూ అడగలేదు.

"ఉత్వసంధండీ," అన్నారు. ఓనర్ వైపు తిరిగారు. "జట్టును, అమ్ముకో. అమ్మేసి పొమ్మనే రాయించాను. నమ్ముకోమని కాదు. కాబట్టి అమ్మేయండి. అక్కడ పిల్లలు మంచానికి ఇద్దరు పడుకుంటున్నారు." గోల్ వైపు ఓసారి చూశారు. "కాకపోతే గోల్ పడ్డప్పుడు నేనూ అరిచాను. అప్పుడు అరిచింది మాత్రం, ఒట్టు, నమ్ముకో అనే."

బిస్కెట్లాయన మళ్లీ బ్యానర్ వైపు చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు. "బళ్లో నేను తప్పింది సంధుల్లోనే మాస్టారూ!" నవ్వాగాక ఆయన మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "అమ్ముకోమన్నదీ మీరే, నమ్ముకోమన్నదీ మీరే. అయితే మీకే అమ్ముతాను. ఊరంతా కలిసి వార్డుకి పై అంతస్తు కట్టించండి, జట్టుని మీరే ఉంచుకోండి. నాకు సరిపోతుంది. పదేళ్లుగా తిట్లు పడుతున్నాను, ఇక టికెట్ కొనుక్కుని కూర్చుని నేనూ ఎవరో ఒకర్ని తిట్టుకుంటాను."

దానం ఎవరు ఎంత చెయ్యాలో అన్నేళ్లుగా అంత కచ్చితంగా చెప్పిన సంఘం సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హెడ్ నర్సు మాత్రం జేబులోంచి పెన్ను తీసి, రెయిలింగ్ దగ్గరికి నడిచింది. "డాక్టరుగారూ, మీ పేరు మొదట రాస్తున్నాను." పళ్ల డాక్టరు కాదనలేకపోయాడు. ఇస్తూ ఇస్తూ, ఫొటో ఎవరు తీస్తారని అడిగాడు.

ఆరు నెలల్లో పై అంతస్తు లేచింది. వార్డులో మంచానికి ఒక్కరే పడుకుంటున్నారు, దుప్పటికి ఒక్కరే. అది చూసొచ్చిన రోజు మాస్టారు ఇంట్లో ఏ కారణమూ లేకుండా భార్యకి కాఫీ కలిపిచ్చారు. ఈలోగా జట్టుకి కొత్త అధ్యక్షుడిగా ఆయన్నే ఎన్నుకున్నారు. వద్దని అనబోతే, మైదానంలో అంత బాగా మాట్లాడారు కదా అని అందరూ చప్పట్లు కొట్టేశారు.

కొత్త సీజన్లో మొదటి ఆట. మాస్టారు ఓనర్లు కూర్చునే కుర్చీల వైపు వెళ్లలేదు, పాత గ్యాలరీలోనే కూర్చున్నారు. సగం ఆటకే జట్టు మూడు గోల్స్ వెనకబడింది. సరిగ్గా ఆయన వెనక వరసలో బిస్కెట్లాయన జట్టు టోపీ పెట్టుకుని, మెడ నరాలు పొంగేలా అరుస్తున్నాడు, పదేళ్లు చిన్నవాడయినట్టున్నాడు. "ఈ ఓనర్లకి బుద్ధుందా? మేడలు కట్టింది చాలు, ఒక్క ఫార్వర్డ్‌ని కొనండయ్యా!" చుట్టూ ఉన్న సంఘమంతా, అంటే జట్టు ఓనర్లంతా, అవునవునంటూ ఆయనకి వంతపాడారు. నాలుగో గోల్ కూడా పడింది.

మాస్టారు ఆవేశంగా లేచి, ఓనర్‌ని తిట్టడానికి నోరు తెరిచి, ఒక్క క్షణం ఆలోచించి, రిఫరీని తిట్టి కూర్చున్నారు.