తగ్గిన ఫైలు, తగ్గని బాబాయి

“ఎవరూ కదలొద్దు! ఈ శతాబ్దపు అతి భయంకరమైన దోపిడీ మన ఇంట్లోనే జరిగింది. దాన్ని ఛేదించగల మెదడు కూడా, మీ అదృష్టం బాగుండి, ఈ ఇంట్లోనే ఉంది!”

గుమ్మంలో నిలబడి బాబాయి ఇలా ప్రకటించేసరికి గదిలో కదులుతున్నది నేనూ, సీలింగు ఫ్యానూ. నేను ఆగిపోయాను. ఫ్యాను వినలేదు.

మా బాబాయి కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. అక్కడినుంచి తెచ్చుకున్న ఇత్తడి భూతద్దం ఒకటి ఎప్పుడూ ఆయన జేబును కిందికి లాగుతూ ఉంటుంది. అది ఉంది కాబట్టి తను డిటెక్టివ్‌నని ఆయన నమ్మకం. నాకు పెద్దవాళ్ళకు ఎదురుచెప్పడం చేతకాదు కాబట్టి నేను ఆయన అసిస్టెంటుని.

“ఏం పోయింది బాబాయ్?”

“మీ అక్క ఫోన్లో చెప్తుంటే స్వయంగా విన్నాను. వంద పేజీల ఫైలు పది పేజీలైందట. మిగతా తొంభై ఎవరి జేబులోకి వెళ్ళాయి?”

“ఎవరి జేబులోకీ వెళ్ళవు. అక్క ప్రోగ్రాము చేసే పనే అది.”

“పిచ్చిపిల్లా! ఇంటిదొంగను వెనకేసుకొస్తున్నావా?”

అక్క ప్రోగ్రాము ఫైళ్ళను కుదించి చిన్నవి చేస్తుంది. అడిగినప్పుడు విప్పి, అక్షరం పొల్లుపోకుండా తిరిగిస్తుంది. అది ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా దాన్ని తెరిచి చూడొచ్చు, ఊరికే వాడుకోవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపొచ్చు. అక్క దాన్ని కాలేజీలో ఉండగా మొదలుపెట్టింది. ఇప్పుడు ఆఫీసునుంచి వచ్చాక మిగిలిన ఓపికంతా దానికే పోస్తోంది.

అసలు గొడవ వేరే ఉంది. ఎక్కడో వాన కొలిచే ఉద్యోగి ఒకాయన అక్కకు ఫిర్యాదు రాశాడు. కుదించిన ఫైలును విప్పితే సగం కొలతలు మాయమట. ఆ ఫైలు బయటికి పంపడానికి వాళ్ళ ఆఫీసు ఒప్పుకోదట. అక్క తన దగ్గరున్న ఫైళ్ళన్నిటితోనూ ప్రయత్నించింది. ఒక్కటీ పాడవలేదు. తప్పు ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు.

“సాయంత్రానికి దొరక్కపోతే ‘దీన్ని ఇక వాడకండి’ అని బోర్డు పెట్టేసి మూసేస్తానే,” అంది అక్క. “నమ్మినవాళ్ళ ఫైళ్ళు మింగేసేదాన్ని నడపలేను.” ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తలనొప్పి మాత్ర కోసం మందుల షాపుకు వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే బాబాయి ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

“అక్కతో కలిసి ఈ పని చేసేవాళ్ళు ఇంకెవరున్నారు?”

“ఒకరే. ఇంటర్నెట్లో పేరు చీమ. తప్పులు దిద్ది పంపుతుంటారు.”

“అసలు పేరు?”

“తెలీదు.”

“ముఖం?”

“చూడలేదు.”

“జీతం?”

“తీసుకోరు.”

బాబాయి కుర్చీలోంచి లేచిపోయాడు. “జీతం లేకుండా పనిచేస్తున్నాడా! ఇంతకంటే సాక్ష్యం ఇంకేం కావాలి?”

“అక్క కూడా తీసుకోదు కదా బాబాయ్.”

ఆయన భూతద్దంలోంచి నన్ను చూశాడు. అవతల ఆయన కన్ను కోడిగుడ్డంత అయింది. “అయితే ఇద్దరు. ముఠా!”

వెంటనే కంప్యూటర్లో రహస్య నివేదిక మొదలుపెట్టాడు. కంటికి మొదట కనిపించిన ఫోల్డరులో దాన్ని పెట్టాడు. కొట్టిందల్లా దానంతటదే అందులో సేవ్ అవుతోంది.

“అందులో వద్దు బాబాయ్. అవి అక్క పరీక్షకు పెట్టుకునే ఫైళ్ళు.”

“అందరి కళ్ళముందూ దాచిన రహస్యం ఎవరికీ దొరకదు అమ్మాయ్. నేర్చుకో.”

ఒంటివేలితో కొడుతూ ‘నేరస్థుడి పేరు చ’ దాకా వచ్చాడు. అంతలో బయట మెట్లదగ్గర ఏదో గీసుకున్న చప్పుడైంది. భూతద్దాన్ని కీబోర్డుమీద పడేసి బాబాయి పరుగు. వెనక నేను.

మెట్లదగ్గర కేబులాయన గోడకు నిచ్చెన వేసుకుని ఉన్నాడు.

“దొరికావు! ఆ వైరుతో ఏం చేస్తున్నావు?”

“బిగిస్తున్నాను సార్.”

“అందులోంచి ఏం పోతుంది?”

“నెట్టు సార్.”

“మా తొంభై పేజీలు ఎటు పోయాయి?”

“అది ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పుకోవాలి సార్. నాది వైరు వరకే.”

కేబులాయన దిగగానే, సాక్ష్యాన్ని దగ్గరగా చూడాలని బాబాయి నిచ్చెన ఎక్కాడు. పైకి వెళ్ళాక భూతద్దం లేదని గుర్తొచ్చింది. దిగడం రాదని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

“సార్, కళ్ళు తెరవండి సార్. నాకు భయంగా ఉంది,” అంటూ కేబులాయన ఒక్కో కాలూ పట్టుకుని కింది మెట్టుమీద పెడుతూ ఆయన్ని నేలకు చేర్చాడు. ఆ హడావిడిలో అక్క మమ్మల్ని దాటుకుని ఇంట్లోకి వెళ్ళడం కూడా గమనించలేదు.

మేం లోపలికి అడుగుపెట్టేసరికి అక్క అరుస్తోంది. “ఈ ఫైలు ఎవరు పెట్టారు?”

బాబాయి నన్ను ముందుకు తోశాడు. “ఇదే! నేను వద్దంటూనే ఉన్నాను, వింటేగా!”

నేను కంప్యూటరు వైపు చూశాను. 

భూతద్దం ‘చ’ మీద బోర్లా పడి ఉంది. తెరనిండా చచచచచచచ. బోర్డు పెట్టేముందు చివరిసారిగా అక్క ఫోల్డరులోని ఫైళ్ళన్నిటినీ పరీక్షించింది. అన్నీ నెగ్గాయి. చివరన ఒక్కటి మాత్రం ఎర్రగా వెలిగింది: విప్పిన ఫైలూ అసలు ఫైలూ ఒకటి కావు.

“దొరికిందే!” అక్క నా భుజాలు పట్టి ఊపేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. “తప్పు దొరికింది!”

“నేనే పెట్టాను,” అన్నాడు బాబాయి చటుక్కున. “దానికేం తెలుసు, పసిపిల్ల.”

విషయం ఇదీ. ఒకే అక్షరం వరుసగా వస్తుంటే ప్రోగ్రాము దాన్ని ఒక్కసారే రాసి, ఎన్నిసార్లు వచ్చిందో పక్కన లెక్క రాసుకుంటుంది. ఆ లెక్క రాసే గడి ఇరుకైంది. లెక్క మరీ పెద్దదైతే పట్టక, మళ్ళీ సున్నానుంచి మొదలవుతోంది. బుద్ధున్న మనిషెవరూ అలాంటి ఫైలు రాయరు కాబట్టి అక్క పరీక్షల్లో అది లేదు.

అక్క వాన కొలిచే ఆయనకు ఒకే ప్రశ్న పంపింది. ఆయన జవాబిచ్చాడు: “ఈ ఏడు మాకు వానలు లేవండీ. కొలతలన్నీ సున్నాలే.”

అక్క గడి వెడల్పు చేసి చీమకు పంపింది. ఆమె కాఫీ చల్లారకముందే జవాబొచ్చింది: “బాగుంది. ఇలాంటి ఇరుకు గడి ఇంకోచోట కూడా ఉంది, చూశారా?”

నిజంగానే ఉంది. అక్క దాన్ని కూడా వెడల్పు చేసింది. “మార్పులు ఇందులో చేర్చే తాళం ఇన్నాళ్ళూ నా ఒక్కదాని దగ్గరే పెట్టుకుని చచ్చాను. ఇకనుంచి చీమ దగ్గర కూడా ఒకటి ఉంటుంది,” అంది. బోర్డు మాట మళ్ళీ ఎత్తలేదు.

“ఇంతకీ ఆ ఇరుకు గడి కట్టిన ద్రోహి ఎవరు?” అన్నాడు బాబాయి.

“నేనే బాబాయ్. కాలేజీలో.”

“ఇంటిదొంగ అన్నానా, లేదా!”

“అన్నావు బాబాయ్. నీ నివేదిక ఇక మా పరీక్షల్లో శాశ్వతంగా ఉంటుంది. పైగా మా దగ్గరున్న అన్నిటికంటే బాగా తగ్గిన ఫైలు అదే.”

“అంత గొప్పగా రాశానా?”

“విషయం ఎంత తక్కువుంటే ఫైలు అంత బాగా తగ్గుతుంది బాబాయ్.”

బాబాయి భూతద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి జేబులో వేసుకున్నాడు. “విన్నావా అమ్మాయ్? ఒక్క ముక్క కూడా అనవసరంగా రాయలేదట. చప్పట్లు కొట్టండి!”

నేను కొట్టాను. ఫ్యాను ఈసారీ వినలేదు.